నమూనా ఆధారిత బోధన (విజ్ఞానశాస్త్రం)

నమూనా ఆధారిత బోధన అనునది విద్యార్థులచేత పరిశీలనలు చేయించి, వాటినుండి ప్రకృతి నియమాలకు నమూనాలను వారిచేతనే నిర్మింపజేసే విజ్ఞానశాస్త్ర బోధనా పద్ధతి. ఇది అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో రూపొందినది. ఉపాధ్యాయులు దీనిని ప్రధానంగా వేసవి శిక్షణా తరగతులలో నేర్చుకొంటారు. ఇక్కడ నమూనా అనగా అట్టతోనో, థర్మోకోలుతోనో చేసిన బొమ్మ కాదు. ఒక దృగ్విషయాన్ని వివరించుటకు, జరగబోయేదానిని ముందుగా అంచనా వేయుటకు తోడ్పడే పటం, గ్రాఫు, సమీకరణాల సముదాయం.

నేపథ్యం

ఎద్దులు లాగినంతసేపే బండి కదులుతుంది. నందికొట్కూరు వంటి మెట్ట ప్రాంతంలో పెరిగిన విద్యార్థి దీనిని చూచి, బలం ఉన్నంతవరకే చలనం ఉంటుందని తలచుట సహజం. బండిని ఆపేది ఘర్షణ అని, అది లేనిచో బండి సాగుతూనే ఉంటుందని న్యూటన్ మొదటి నియమాన్నిబట్టి తెలుస్తుంది. అయితే పాఠం విన్న తరువాత కూడా ఇటువంటి పాత భావనలు చాలావరకు మారవని ఇబ్రహీం హల్లూన్, డేవిడ్ హెస్టెనెస్ 1985లో ప్రచురించిన పరిశోధనలు తెలిపాయి. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడైన మాల్కం వెల్స్, అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో హెస్టెనెస్‌తో కలసి ఈ పద్ధతిని తీర్చిదిద్దాడు. విద్యార్థుల భావనలను పరీక్షించే "ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ" అనే ప్రశ్నావళిని వీరు గ్రెగ్ స్వాక్‌హామర్‌తో కలసి 1992లో ప్రచురించారు.

రిచర్డ్ హేక్ 1998లో 6,542 మంది విద్యార్థుల ఫలితాలను పోల్చాడు. సాధ్యమైన అభివృద్ధిలో ఉపన్యాస తరగతులవారు సగటున 23 శాతం, చురుకుగా పాల్గొనే వివిధ పద్ధతుల తరగతులవారు 48 శాతం సాధించారు.

శిక్షణా విధానం

శిక్షణ సాధారణంగా రెండు మూడు వారాలు ఉంటుంది. ఉపాధ్యాయులే విద్యార్థుల స్థానంలో కూర్చుంటారు. ఉదాహరణకు, బ్యాటరీతో నడిచే బొమ్మకారు ప్రయాణించిన దూరాన్ని, కాలాన్ని ప్రతి జట్టు కొలిచి, తెల్లపలకపై గ్రాఫు గీస్తుంది. మిగిలిన జట్లు ప్రశ్నిస్తాయి. శిక్షకుడు జవాబు చెప్పక ప్రశ్నలే వేస్తాడు. గ్రాఫు వాలు కారు వేగాన్ని తెలుపుతుందని చర్చలోనే తేలుతుంది. వాలుబల్లపై దొర్లే బంతికి ఈ నమూనా చాలదు. అక్కడినుండి త్వరణం పాఠం మొదలవుతుంది.

ఈ శిక్షణను కొనసాగించుటకు 2005లో అమెరికన్ మోడలింగ్ టీచర్స్ అసోసియేషన్ ఏర్పడినది.

ఆంధ్రప్రదేశ్‌లో

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం-2011 ననుసరించి వచ్చిన విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలలో ప్రశ్నించడం-పరికల్పన చేయడం, ప్రయోగాలు-క్షేత్ర పరిశీలనలు, బొమ్మలు గీయడం-నమూనాలు తయారుచేయడం విద్యా ప్రమాణాలుగా చోటుచేసుకొన్నాయి. రాయలసీమలో కుప్పం వద్ద అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ (స్థాపన 1999) పిల్లలకు, ఉపాధ్యాయులకు ప్రయోగాలతో కూడిన విజ్ఞాన బోధన చేస్తున్నది. ఇది మోడలింగ్ పద్ధతికి దగ్గరి ప్రయత్నమే గాని అదే పద్ధతి కాదు.

పరిమితులు

చర్చకు సమయం ఎక్కువ పట్టుటచే ఈ పద్ధతిలో పాఠ్యాంశాలు నెమ్మదిగా సాగుతాయి. పబ్లిక్ పరీక్షలకు సిలబస్ పూర్తిచేయవలసిన ఉపాధ్యాయునికి ఇదే ప్రధానమైన ఇబ్బంది. పరికరాల ఖర్చు మాత్రం పెద్దది కానక్కరలేదు. దారానికి కట్టిన రాయి, గడియారం ఉన్నచో లోలకం పాఠానికి చాలును.