కీళ్లవాతం జోరు చెప్పే నెత్తురు

చేతి నరం కోసి నెత్తురు వదిలించడమే వైద్యంగా సాగిన రోజుల్లో ఐరోపా వైద్యులు పళ్లెంలో పట్టిన నెత్తురును పరీక్షగా చూసేవారు. జ్వరంతోనో వాపుతోనో బాధపడే మనిషిదైతే, అది గడ్డకట్టేలోగా పైన పసుపుపచ్చని పొర తేలేది. కారణం తెలియకపోయినా దాన్ని జబ్బు గుర్తుగా లెక్కగట్టారు.

ఆ చూపును కొలతగా మార్చినవాడు పోలండ్ వైద్యుడు ఎడ్మండ్ బియెర్నాట్స్కీ. గడ్డకట్టకుండా ఆపిన నెత్తురును గాజు గొట్టంలో నిలబెడితే ఎర్రకణాలు అడుగుకు దిగే వేగం జబ్బును బట్టి మారుతుందని 1897లో చూపించాడు. లోకం పెద్దగా పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత స్వీడన్‌లో రాబిన్ ఫారియస్ గర్భిణుల నెత్తురులో అదే సంగతి గమనించాడు. ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ క్షయ రోగుల కోసం 1921లో పద్ధతిని స్థిరపరిచాడు. 200 మిల్లీమీటర్ల వరకు గీతలున్న సన్నని గొట్టం, నిటారుగా ఒక గంట, పైన తేరిన భాగం ఎన్ని గీతలో చూడటం: ఇఎస్ఆర్ అంటే ఇంతే. ఒంట్లో వాపు రేగినప్పుడు నెత్తురులో ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. దానివల్ల ఎర్రకణాలు రూపాయి బిళ్లల దొంతరలా అతుక్కుని చప్పున దిగిపోతాయి.

రెండో గుర్తు న్యుమోనియా వార్డులో దొరికింది. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోకాకస్ సూక్ష్మజీవి నుంచి తీసిన ఒక పదార్థాన్ని రోగుల సీరంలో కలిపారు. జబ్బు ముదిరి ఉన్నప్పుడు అవక్షేపం ఏర్పడింది, కోలుకున్నాక ఏర్పడలేదు. ఆ అవక్షేపానికి కారణమైన ప్రొటీనే సీఆర్‌పీ. కాలేయం తయారుచేసే ఈ ప్రొటీన్ గంటల్లో పెరుగుతుంది, వాపు తగ్గితే త్వరగానే పడిపోతుంది. ఇఎస్ఆర్ దిగడానికి వారాలు పట్టవచ్చు.

ఈ రెండింటిలో ఏదీ కీళ్ల కోసం వెతికి పట్టుకున్నది కాదన్న సంగతి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. కీళ్లవాతానికి తనదైన గుర్తు నార్వేలో దొరికింది. అక్కడ ఎరిక్ వాలర్ చేసిన ఒక పరీక్షలో కీళ్లవాత రోగి సీరం కలిపిన గొర్రె ఎర్రకణాలు ముద్దకట్టాయి. 1940లో దాన్ని ప్రకటించాడు. 1948లో న్యూయార్క్‌లో హ్యారీ రోజ్ బృందం కూడా అదే చూసింది. అలా వచ్చిందే రుమటాయిడ్ ఫ్యాక్టర్, ఆర్ఎఫ్. 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు యాంటీ సీసీపీ అనే మరో రక్తపరీక్షకు దారి వేశారు.

మన దగ్గర గందరగోళమంతా ఇక్కడే. ఆర్ఎఫ్, యాంటీ సీసీపీ జబ్బు ఏదో నిర్ధారించడానికి సాయపడతాయి. అది ఈ నెల ఎంత జోరుగా ఉందో చెప్పేవి ఇఎస్ఆర్, సీఆర్‌పీ. మందు పనిచేస్తోందో లేదో చూడటానికి ఆర్ఎఫ్ పదేపదే చేయించడం డబ్బు దండగ.

ఆ జోరును తగ్గించే మందుల్లో ముందువరసలో ఉన్నది మెథోట్రెక్సేట్. అది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన నడిపించిన అమెరికా లెడర్లే ప్రయోగశాలలో రూపుదిద్దుకుంది. దాని సోదర ఔషధం ఎమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి వాడి చూసిన ఫలితాలు 1951లో వెలువడ్డాయి. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు.

గొట్టంలో అంకె ఒక్కటే తీర్పు కాదు. రక్తహీనత ఉన్నా ఇఎస్ఆర్ పెరుగుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. వయసు, గర్భం కూడా పెంచుతాయి. కీళ్లు వాచి ఉన్నా ఈ పరీక్షలు మామూలుగా వచ్చేవారూ ఉన్నారు. కీళ్లవాతానికి టోసిలిజుమాబ్ వంటి మందు వాడేవారిలో సీఆర్‌పీ అణగిపోతుంది. అందుకే జబ్బు జోరును కొలవడానికి 1995లో నెదర్లాండ్స్‌లో రూపొందిన డాస్28 అనే లెక్కలో 28 కీళ్ల నొప్పి, వాపు, ఇఎస్ఆర్‌తో పాటు రోగి తన ఆరోగ్యం ఎలా ఉందని చెబుతున్నాడో కూడా చేర్చారు.

రిపోర్టులో అంకె తగ్గిందని ఎవరూ సొంతంగా మందు ఆపకండి. పొద్దున లేవగానే వేళ్లు ఎంతసేపు బిగుసుకుపోతున్నాయో డాక్టరుకు చెప్పండి, పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లండి.