వరదొస్తే బియ్యం, దుప్పట్లు సరే.. నెలసరి సంగతేంటి?

2023 జూలై 27న తెల్లవారకముందే మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేసింది. జనం డాబాల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చాకే బయటపడ్డారు. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలోని సీతారాం తండాను ముంచింది. అదే వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఇలా కట్టుబట్టలతో బయటపడిన వాళ్లలో ఆ రోజే నెలసరిలో ఉన్న ఆడవాళ్లు ఎందరో ఎవరూ లెక్క తీయరు. లెక్క కష్టమేం కాదు. నెలకు అయిదు రోజులనుకుంటే, నెలసరి వచ్చే వయసు ఆడవాళ్లు వంద మంది ఉన్నచోట ఏ రోజు చూసినా అటూఇటుగా పదిహేను మందికి ప్యాడో, గుడ్డో అప్పటికప్పుడు కావాలి. వరద భయానికి, తిండి సరిగా లేక తేదీలు ముందూ వెనకా అవడం కూడా మామూలే.

ఇది ప్రభుత్వానికి తెలియని విషయం కాదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో సహాయ శిబిరాలకు కనీస ప్రమాణాలు పెట్టింది. 30 మందికి ఒక మరుగుదొడ్డి, ఆడవాళ్లకు వేరుగా స్నానాల గది, వాడకానికి మనిషికి 15 లీటర్ల నీళ్లు, శానిటరీ నాప్కిన్లు, వాటిని పారేయడానికి కాగితపు సంచులు ఇవ్వాలని అందులో ఉంది. ప్రపంచమంతా సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారమైతే ఒక్కొక్కరికి నెలకు 15 ప్యాడ్లు లేదా ఏడాదికి 4 చదరపు మీటర్ల నూలు గుడ్డ, ఆరు లోదుస్తులు, నెలకు అదనంగా 250 గ్రాముల సబ్బు ఇవ్వాలి.

లోదుస్తుల మాట చిన్నదిగా కనిపిస్తది గానీ అసలు చిక్కు అక్కడే. లోదుస్తు లేకుంటే అంటించుకునే ప్యాడ్ నిలవదు. గుడ్డ వాడే పెద్దవాళ్లకు ప్యాడ్ ప్యాకెట్ ఇస్తే మూలన పడుంటది. అందుకే పంచేముందు ఏది కావాలో అడగాలి. బాలింతలకు కాన్పు తర్వాత వారాల తరబడి రక్తం పోతది, వాళ్లకు పెద్ద ప్యాడ్లు ఎక్కువ కావాలి. కప్పు మంచిదే అయినా, మరిగించడానికి నీళ్లూ పొయ్యీ లేని చోట కొత్తవాళ్లకు అంటగట్టొద్దు.

మన దగ్గర శిబిరమంటే చాలాసార్లు ప్రభుత్వ బడే. గడియ లేని తలుపు, లైటు లేని దొడ్డి ఉంటే రాత్రి అటు పోవడానికి భయపడి ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు, ఒకే ప్యాడ్‌తో పొద్దంతా గడుపుతారు. నాలుగైదు గంటలకోసారి మార్చుకోవడం మంచిది. తడి గుడ్డతోనే ఉంటే ఒరుసుకుపోయి దురద, పుండ్లు వస్తాయి. గుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. వానల్లో ఎండెక్కడిది? నలుగురి కంట పడకుండా గాలాడేచోట తాడు కట్టిస్తే సగం ఇబ్బంది తీరుతది. వాడిన ప్యాడ్లు దొడ్లో వేస్తే పైపు మూసుకుపోతది, మూత ఉన్న డబ్బా పెట్టాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, జ్వరం, దుర్వాసన ఉన్నా ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి.

సామాను పంచే బల్ల దగ్గర అందరూ మగవాళ్లే ఉంటే ఏ పిల్ల నోరు తెరిచి అడుగుతది? ఆ పని ఆశా కార్యకర్తకో, అంగన్‌వాడీ టీచర్‌కో అప్పజెప్పాలి. జనగామ లాంటి మెట్ట జిల్లాలోనూ వానాకాలానికి ముందే పీహెచ్‌సీలో కొంత సరుకు ఉంచుకోవచ్చు. రోడ్డు తెగాక తెప్పించడం కుదరదు.

వరద నీళ్లు కొన్నాళ్లకు తీస్తాయి. 2005లో మొదలైన సల్వాజుడుం గొడవలకు ఛత్తీస్‌గఢ్ వదిలి గోదావరి పక్క అడవుల్లోకి వచ్చిన గుత్తికోయల పరిస్థితి వేరు. భూపాలపల్లి వైపు గూడేల్లోనూ వాళ్లున్నారు. శిబిరంలో లేరు కాబట్టి శిబిరం లెక్కలు వాళ్లకు వర్తించవు. చెలిమ నీళ్లతోనే తాగడం, వండుకోవడం, గుడ్డలు ఉతుక్కోవడం జరిగే గూడెంలో ప్యాడ్ల కంటే ముందు కావాల్సింది బోరింగు.