నిజాంపట్నం కౌలు

మా తెనాలిలో 'రెగ్యులేటర్' అంటే రెండే అర్థాలు. ఒకటి, ఫాను వేగం తగ్గించేది. రెండోది, కాలవ మీద తలుపులు దించి నీళ్ళాపేది. మూడో అర్థం ఒకటుందని మా మేనల్లుడు వచ్చి చెప్పేదాకా నేను పట్టించుకోలేదు. వాడిది హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. పండక్కి వచ్చి వరండాలో పేపరు తిరగేస్తూ, "మావయ్యా, ఈ పెద్ద కంపెనీలకీ రెగ్యులేటర్లకీ బొత్తిగా పడటం లేదు. ఎప్పుడు చూసినా జరిమానాలు, అప్పీళ్ళు, కోర్టులు!" అన్నాడు.

2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్ కంపెనీకి 1,337 కోట్ల 76 లక్షల రూపాయల జరిమానా వెయ్యటం, కంపెనీ అప్పీలుకు వెళ్తే 2023 మార్చిలో ట్రిబ్యునల్ ఆ జరిమానాను ఖాయం చెయ్యటం, అన్నీ వాడికి కంఠతా వచ్చు. "ఈ తగువులన్నీ మా కాలానికే వచ్చాయి. మీ రోజులే హాయి" అని తేల్చేశాడు.

నాకు నవ్వొచ్చింది. మా ఊళ్ళోంచి మూడు కాలవలు పారతాయి. అందులో ఒకటి చూపించి, "దీని పేరేమిట్రా?" అన్నాను.

"నిజాంపట్నం కాలవ."

"నువ్వు చెప్పే తగువు అది పోయే దిక్కునే మొదలైంది. నాలుగొందల ఏళ్ళు దాటింది. రేపు చూపిస్తా పద" అన్నాను. (కాలవ మాత్రం అంత పాతది కాదు లెండి. కృష్ణ ఆనకట్ట వచ్చింది 1855లో.)

మర్నాడు పొద్దున్నే బాపట్ల బండెక్కాం. బాపట్లలో మా బావగారున్నారు. చరిత్ర పుస్తకాల పిచ్చి ఆయనకూ ఉంది. కాకపోతే నేను ఏది చెప్పినా కాదనటం ఆయన అలవాటు. రైల్లో కూర్చున్నాక మావాడికి కథ మొదలుపెట్టాను.

1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మన తూర్పు తీరానికి వచ్చింది. కెప్టెన్ ఆంథొనీ హిప్పన్. బేరసారాలు చూసేవాడు పీటర్ ఫ్లోరిస్. ఈయన డచ్చివాడు. అంతకు ముందు డచ్చి కంపెనీలో పనిచేసి ఇంగ్లీషు కంపెనీలోకి మారాడు. ఒక కంపెనీలో పని నేర్చుకుని పోటీ కంపెనీకి పోవటం మావాడి హైదరాబాదులోనే పుట్టిందనుకోకండి.

ముందు పులికాట్‌లో దిగబోతే అక్కడి డచ్చి అధికారి ఒక కాగితం చూపించాడు. అది వేంకటపతి రాయలు ఇచ్చిన కౌలు. హాలెండు ప్రభువు మారిస్ అనుమతి పత్రం లేనిదే యూరప్ నుంచి వచ్చిన వాడెవడూ ఇక్కడ వ్యాపారం చెయ్యకూడదని దాని సారాంశం. పోటీదారుణ్ణి గుమ్మం తొక్కనివ్వకుండా సర్కారు చేతే రాయించుకోవటమన్నమాట! చేసేది లేక ఓడ ఉత్తరానికి వచ్చి ఆగస్టులో నిజాంపట్నం దగ్గర లంగరేసింది. పక్కనున్న పెద్దపల్లె పేరు వాళ్ళ నోట్లో 'పెటపోలి' అయింది. అక్కడ ఇద్దరు మనుషుల్ని దించి మచిలీపట్నం వెళ్ళారు. తూర్పు తీరాన ఇంగ్లీషు కంపెనీ వ్యాపారానికి శ్రీకారం అదే.

వాళ్ళకు కావలసింది బట్ట. ఈ తీరపు చిరివేరుతో అద్దిన ఎరుపు ఎంత ఉతికినా వెలిసేది కాదు. ఆ అద్దకం గుడ్డలు ఇస్తేనే తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు దొరికేవి.

ఇక సుంకం సంగతి. ఫ్లోరిస్‌కి గోలకొండ అధికారులిచ్చిన కౌలులో సుంకం నూటికి 4. తీరా సరుకు దిగాక నూటికి 12 కట్టమన్నారు. మూడింతలు! రాజుగారి ఆదాయం చూసే మీర్ జుమ్లా కూడా వాళ్ళ పక్షమే. కౌలు అన్న మాట ఆయన తన రాతల్లో అట్లాగే రాసుకున్నాడు. మన రైతుకి కౌలంటే ఇవాళ్టికీ అదే: ఒక మాట, దానికో కాగితం, మధ్యలో మారుస్తారేమోనని ఒక బెంగ.

ఫ్లోరిస్ సయాం వైపు తిరిగి రెండేళ్ళ తర్వాత మచిలీపట్నం వచ్చాడు. అక్కడి గవర్నరు ఆయనకు బాకీ. అడిగితే రేపు, మాపు. 1614 నవంబరులో ఓడ బయల్దేరే రోజులు దగ్గర పడ్డాయి. ఫ్లోరిస్ ఏం చేశాడంటారు? తన మనుషులతో సుంకం కచేరీ మీద పడి గవర్నరు కొడుకు వెంకటాద్రిని పడవలోకి లాక్కుపోయాడు. జనం పరుగెత్తుకొచ్చేసరికి పడవ దాటిపోయింది. వెంకటాద్రి బ్రాహ్మడు. పరాయివాడి ఓడలో పచ్చి మంచినీళ్ళయినా ముట్టడు. ఆయన ఉపవాసం చూసి ఫ్లోరిస్‌కే జాలేసి, బదులుగా పెద్దమనుషులిద్దర్ని పంపితే వదిలేస్తానన్నాడు. ఒక్కడూ ముందుకు రాలేదు. చివరికి తండ్రి బాకీ కట్టి కొడుకుని విడిపించుకున్నాడు.

"ఇప్పటి కంపెనీలు నయం, ట్రిబ్యునల్‌కి పోతున్నాయి" అన్నాడు మావాడు.

బాపట్లలో భోజనాలయ్యాక ఇదంతా మా బావగారికి చెప్పాం. ఆయన తమలపాకుకి సున్నం రాస్తూ, "నువ్వు తప్పంతా కంపెనీ మీద పెడుతున్నావు బావా. అసలు ఆ గవర్నరు ఎవడు? కంపెనీని అదుపులో పెట్టటానికి కూర్చున్నవాడా? కాదు. వట్టి ఇజారాదారు!" అన్నారు.

నిజమే, నేను ఆ ముక్క మరిచాను. గోలకొండ రాజ్యంలో ఊళ్ళూ రేవులూ ఏడాదికింత అని పాడుకునేవారు. పాట పెంచినవాడికి పదవి. పాడుకున్నది సర్కారుకి కట్టాక మిగిలింది తనది. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న విలియం మెథ్వొల్డ్ ఒక దారుణం రాశాడు: పాడిన సొమ్ము పూర్తిగా చెల్లించలేకపోయిన మచిలీపట్నం గవర్నరు ఒకణ్ణి వీపు మీద, అరికాళ్ళ మీద, పొట్ట మీద బెత్తాలతో కొట్టి చంపారు. ఆ బెత్తం నెత్తిమీద ఉన్నవాడు నాలుగుని పన్నెండు చెయ్యక ఏం చేస్తాడు?

"మరి ఆ పన్నెండు ఎవరిమీద పడేది మావయ్యా?" అన్నాడు మావాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కంపెనీ రాసుకున్న చరిత్రలో కంపెనీ నష్టాలుంటాయి గానీ, బయానా పుచ్చుకుని మగ్గం ముందు కూర్చున్నవాడి లెక్క ఉండదు.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 1632లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా బంగారు ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాలు కడితే చాలు, కంపెనీ రాజ్యంలోని రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చు. 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. ఆ మే నెలలోనే సలాబత్ జంగ్ మచిలీపట్నంతో పాటు నిజాంపట్నం సర్కారునీ కంపెనీకి ఇనాముగా రాసిచ్చాడు. కౌలు కోసం గుమ్మంలో నిలబడ్డవాడే ఇంటి యజమాని అయ్యాడు! ఆ మీద కంపెనీని అదుపు చెయ్యటానికి లండన్ పార్లమెంటు 1773లో చట్టం చేసింది. దాని పేరే రెగ్యులేటింగ్ యాక్ట్. అది కూడా ఊరికే చెయ్యలేదు, కంపెనీ అప్పుకోసం చెయ్యి చాస్తే 14 లక్షల పౌన్లిస్తూ చేసింది.

"ఉప్పు మరిచావు" అన్నారు బావగారు. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు మీద కంపెనీ గుత్త హక్కు పెట్టింది. బాపట్ల దాటితే చీరాల, చినగంజాం వైపు ఉప్పు కొఠార్లు. మడిలో ఉప్పు పండించినవాడు దాన్ని తనంతట తాను అమ్ముకోకూడదు. కంపెనీకే ఇవ్వాలి, కంపెనీ చెప్పిన ధరకి. అమ్మేవాడూ అధికారీ ఒక్కడే అయితే జరిమానా ఎవరు ఎవరికి వేస్తారు?

మధ్యాహ్నం బస్సులు మారి నిజాంపట్నం చేరాం. 1621లో కంపెనీ అక్కడ స్థిరంగా కొఠీ పెట్టిందని మావాడికి చెప్పాను. వాడు చుట్టూ చూశాడు. చేపల హార్బరు, మరబోట్లు, ఎండుచేపల వాసన. గ్లోబ్ ఓడ పేరు చెబితే టీకొట్టు ఆసామి, "ఏ కంపెనీ బోటండీ అది?" అన్నాడు.

ఊరి బయట ఒక రొయ్యల చెరువు గట్టున ఆగాం. రైతు మావాడి ఈడువాడే. చెరువు సొంతం కాదు, కౌలు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద అదనపు సుంకం 50 శాతానికి పెంచినప్పటి సంగతి అడిగాం.

"సుంకం వాళ్ళూ వాళ్ళూ చూసుకోవాల్సింది కదండీ" అన్నాడతను. "పెరుగుతోందని టీవీలో చెప్పారో లేదో, కొనేవాళ్ళు కౌంటుకింత అని ధర కోసేశారు. మేత ధర తగ్గలా. కరెంటూ తగ్గలా. కౌలు ముందే ఇచ్చేశా."

మావాడు జేబులోంచి ఫోను తీసి లెక్కలు వెయ్యటం మొదలుపెట్టాడు. ఎకరానికి మేతెంత, పిల్లెంత, కౌలెంత అని అతన్ని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు. రేపల్లెలో తెనాలి బండెక్కాక కూడా ఆ లెక్క తేలలేదు.