భవంతి స్తంభాలు ఎవరివి?

మన కథల్లో తెలంగాణ భవంతి ఇల్లు తరచుగా రెండు రూపాల్లోనే కనిపిస్తుంది. ఒకటి బాల్యస్మృతుల చల్లని నీడ. రెండోది దొర దౌర్జన్యానికి గుర్తు. రెండూ అబద్ధం కావు. కాని రెండింటిలోనూ ఒక మనిషి కనిపించడు. అతడు ఆ ఇంటిని నిలబెట్టిన వడ్రంగి. ఇంటిని చరిత్రగా చదవదలచినవాళ్ళు ముందు అతన్ని వెతకాలి.

మొదట కట్టుబడి చూద్దాం. నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి. నాలుగు వైపులా వసారాలు, వాటి వెనుక అర్రలు. వసారా అంచున కర్ర స్తంభాల వరస. ప్రతి స్తంభం కిందా చెమ్మ, చెదలు నేరుగా ఎక్కకుండా ఒక రాతి దిమ్మె. స్తంభం తలమీద అడ్డచెక్క, దానిమీద దూలం, దూలం మీద దంతెలు. ఒక కర్ర కొసను చెక్కి మరో కర్ర తొర్రలో బిగిస్తారు. ఇనుప మేకుల అవసరం అతి తక్కువ. పైన మిద్దె అయితే మట్టి, వాలుకప్పు అయితే గూనపెంకు. మందమైన మట్టిగోడ ఎండ వేడిని ఆలస్యంగా లోపలికి రానిస్తుంది. వసారా కప్పు బరువును మోసేది మాత్రం గోడ కాదు, కర్ర చట్రమే. నాలుగు కప్పుల వాననీరూ నడిమి వాకిట్లో పడి తూము గుండా బయటికి పోతుంది.

ఇదంతా విజ్ఞానమే. అయితే ఎవరి విజ్ఞానం? భూమి దొరది, పేరు దొరది. కర్రను ఎంచడం, ఆరబెట్టడం, కొలవడం, కూర్చడం వడ్రంగివి. అతనితో సహా చేతివృత్తులవాళ్ళంతా దొరలకు వెట్టి చేయవలసివచ్చిన తీరును పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో వివరించారు. గోడకు మట్టి తొక్కిన దళితులకు ఇల్లు పూర్తయ్యాక గడప లోపల చోటు లేదు. అరుగు దాకా ఎవరు, వాకిలి దాకా ఎవరు, వంటింటి దాకా ఎవరు అన్నది కులమే నిర్ణయించింది. అయితే అన్ని ఇళ్ళకూ ఒకే లెక్క వర్తించదు. ధాన్యం కొలిచి పని చేయించుకున్న రైతు భవంతి వేరు, వెట్టితో లేచిన గడి వేరు. ఈ తేడాను చెరిపేస్తే మిగిలేది నినాదమే, చరిత్ర కాదు.

కర్రకూ చరిత్ర ఉంది. నిజాం రాజ్యంలో ఆదిలాబాదు అడవులు టేకుకు పేరుపొందినవి. ఆ అడవులను రిజర్వు చేసి గోండులను పోడు భూముల నుంచి వెళ్ళగొట్టారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన పోరాటానికి నేపథ్యం అదే. టేకు స్తంభం నునుపును వర్ణించే రచయిత దాని మొదలు దాకా వెళితే ఆ అడవిలో తేలుతాడు.

ఈ ఇళ్ళు ఎందుకు కూలుతున్నాయి? 1949లో జాగీర్దారీ రద్దయింది. 1950లో కౌలుదారీ చట్టం, 1973లో భూపరిమితి చట్టం వచ్చాయి. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. ఇంటికి ఆధారమైన అధికారం సడలింది. ఉమ్మడి కుటుంబాలు పంచుకున్నాయి. మా పటాన్‌చెరు ప్రాంతంలో 1972లో ఇక్రిశాట్ వచ్చింది, ఆ దశాబ్దంలోనే కార్ఖానాలు పెరగసాగాయి. నేడు ముత్తంగి దగ్గర బొంబాయి రహదారిని ఔటర్ రింగురోడ్డు కలుస్తుంది. ఇక్కడ పాత ఇంటికంటే దాని కింది జాగాకే ధర. మా తరగతుల్లో 'వడ్ల' ఇంటిపేరు గల పిల్లలుంటారు. వాళ్ళ తండ్రుల్లో ఉలి పట్టేవాళ్ళకంటే షిఫ్టులకు పోయేవాళ్ళే ఎక్కువ.

ఒక వైపరీత్యం గమనించాలి. మేకు లేని కీలు ఆ ఇంటిని తరాలపాటు నిలిపింది. విరగకుండా విప్పడానికి వీలిచ్చేదీ ఆ కీలే. అందుకే పాత స్తంభాలు సులువుగా సరుకైపోయాయి. విప్పినవాటికి మెరుగు పెట్టి హోటళ్ళలో, ఫాంహౌసుల్లో అలంకారంగా నిలుపుతున్నారు. స్తంభం బతికింది, దాన్ని చెక్కినవాడి కథ, వెట్టి చేసినవాడి కథ రాలిపోయాయి. కూల్చడంకంటే ఇది లోతైన విధ్వంసం.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'లో గడి లోపలి బతుకులను, ఆడబాపల దైన్యాన్ని చూపారు. గడిని కట్టిన చేతులకూ అంతటి చోటు దక్కాలి. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశానికి దారి వేశారు. ఆ వరుసలో ఇంటి కట్టుబడి పదాలకూ సంపుటం వచ్చింది. ఊరి వడ్రంగి దగ్గర కూర్చుని ఆ మాటలు మళ్ళీ వినడం సాహిత్య విద్యార్థులు ఇవాళే చేయగల పని. దంతె అంటే ఏమిటో తెలియని రచయిత భవంతి మీద కథ రాయగలడు. ఆ దంతెను ఎవరు ఎత్తారో చెప్పలేడు.