నాగార్జునకొండ చిన్న పురావస్తువుల కొలతలు: వెర్నియర్ కాలిపర్స్ దృష్టితో ఒక పరిశీలన

నల్లగొండ జిల్లా హాలియా మీదుగా నాగార్జునసాగర్ చేరిన యాత్రికుడు లాంచీలో వెళ్లి చూసే ద్వీపం ఒకప్పటి నాగార్జునకొండ. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. ముంపు తప్పదని తెలిసిన భారత పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో 1954–60 మధ్య లోయంతటా తవ్వకాలు సాగించింది. ఎడమగట్టున ఉన్న ఏలేశ్వరంలో మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వకాలు జరిపాడు. ఆ నేలను మళ్లీ కొలిచే అవకాశం ఇక లేదు. పూసలు, నాణేలు, భరిణెల వంటి చిన్న వస్తువులను మాత్రం ఇప్పటికీ కొలవవచ్చు. అందుకే వాటిని దేనితో, ఎలా కొలిచారన్నది చారిత్రక ప్రశ్న అవుతుంది.

వెర్నియర్ సూత్రాన్ని పియరీ వెర్నియర్ 1631లో ప్రకటించాడు. ఆయన ఉద్దేశించింది కోణాలను కొలిచే పరికరం. కాలిపర్స్‌కు అది తరువాత అమరింది. ప్రధాన స్కేలుపై 9 మి.మీ. దూరాన్ని జారుడు స్కేలుపై 10 భాగాలు చేస్తే కనీసపు కొలత 0.1 మి.మీ.; 49 మి.మీ.ను 50 భాగాలు చేస్తే 0.02 మి.మీ. మన బడి ప్రయోగశాలల్లో కనిపించేది సాధారణంగా మొదటి రకమే.

అయితే పరికరపు సూక్ష్మత పాత నివేదికకు దానంతటదే సంక్రమించదు. 1927–31 మధ్య ఇక్కడ తవ్వకాలు జరిపిన ఏ. హెచ్. లాంగ్‌హర్‌స్ట్ మహాచైత్యంలో లభించిన బంగారు ధాతుభరిణె వ్యాసం ముప్పావు అంగుళమని రాశాడు. అందులోని ధాతువు తరువాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి చేరింది. ముప్పావు అంగుళాన్ని మెట్రిక్‌లోకి మారిస్తే 19.05 మి.మీ. వస్తుంది. గణితం సరైనదే, చరిత్ర మాత్రం తప్పు. పావు అంగుళాల లెక్కలో చెప్పిన మాటకు మి.మీ.లో నూరవ వంతు కచ్చితత్వాన్ని మనం అంటగడుతున్నాం. ఆ అంకెను పట్టుకుని మరో స్థలపు భరిణెతో పోల్చి, ఇవి ఒకే పనివాని చేతివని వాదించడం సాహసమే.

ఇక్ష్వాకుల సీసపు నాణేల చిక్కు వేరు. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయినీ చిహ్నం గల ఈ నాణేలు పూర్తి గుండ్రంగా ఉండవు. అంచులు అరిగాయి, తుప్పు పొర చేరింది. దవడలు గట్టిగా బిగిస్తే మెత్తని సీసంపై గీత పడుతుంది. లోహపు దవడలకు బదులు ప్లాస్టిక్ దవడల పరికరం వాడడం మేలు. ముందుగా దవడలు మూసి శూన్యాంశ దోషం చూడాలి. ఆపై నాణేన్ని తిప్పుతూ గరిష్ఠ, కనిష్ఠ వ్యాసాలు రెండూ నమోదు చేయాలి. సగటు ఒక్కటే రాస్తే అరుగుదల మరుగున పడుతుంది. పరికరపు కనీసపు కొలతను పట్టికలోనే తెలపాలి. లాంగ్‌హర్‌స్ట్ అంగుళాలను అంగుళాలుగానే ఉంచి, మెట్రిక్ విలువను పక్కన ‘సుమారు 19 మి.మీ.’ అని రాస్తే చాలు.