భారత జాతీయ పతాకం

భారత జాతీయ పతాకంలో మూడు సమానమైన అడ్డపట్టీలు ఉంటాయి: పైన ముదురు కాషాయం, నడుమ తెలుపు, కింద ముదురు ఆకుపచ్చ. తెల్లపట్టీ మధ్యలో ముదురు నీలం రంగు చక్రం, దానికి 24 ఆకులు. వెడల్పు, పొడవుల నిష్పత్తి 2:3. రాజ్యాంగ సభ 1947 జులై 22న దీన్ని ఆమోదించింది. త్రివర్ణ పతాకం, మువ్వన్నెల జెండా అన్నవి వాడుక పేర్లు. రూపకర్త ఎవరంటే పాఠ్యపుస్తకాలు సాధారణంగా పింగళి వెంకయ్య పేరు ఒక్కటే చెబుతాయి. పత్రాల ప్రకారం చూస్తే ఇప్పటి రూపం 1921, 1931, 1947లలో మూడు విడతలుగా ఏర్పడింది. ఒక్కో విడతలో పనిచేసినవారు వేరు.

తొలి జెండాలు

వంగ విభజన వ్యతిరేకోద్యమ కాలంలో, 1906 ఆగస్టు 7న కలకత్తా పార్సీబగాన్ కూడలిలో ఒక మూడు పట్టీల జెండాను ఎగరవేశారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు, ఎనిమిది తామరపూలు, వందేమాతరం అన్న అక్షరాలు, సూర్యుడు, నెలవంక దానిపై ఉన్నట్టు చెబుతారు. రంగుల వరుస గురించి వర్ణనలన్నీ ఒకే మాట చెప్పవు. అంతకు కొద్దిగా ముందే సోదరి నివేదిత వజ్రాయుధం గుర్తుతో ఒక జెండా రూపొందించారు. 1907 ఆగస్టులో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో జరిగిన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో భికాజీ కామా ప్రదర్శించిన జెండా కలకత్తా జెండాకు దగ్గరి పోలిక గలది. 1917 నాటి హోమ్‌రూల్ జెండాలో అయిదు ఎర్ర, నాలుగు పచ్చ చారలు, సప్తర్షి మండలాన్ని తలపించే ఏడు నక్షత్రాలు ఉండేవి. ఒక మూల బ్రిటిష్ యూనియన్ జాక్ కూడా ఉండేది. ఆ మూల కారణంగానే అది జనంలోకి పెద్దగా వెళ్లలేదన్నది చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. వీటిలో ఏదీ నేటి పతాకానికి నేరుగా మాతృక కాదు.

పింగళి వెంకయ్య, బెజవాడ 1921

పింగళి వెంకయ్య కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టారు. పుట్టిన సంవత్సరం 1876 అని కొందరు, 1878 అని కొందరు రాశారు. ఇప్పుడు అధికారికంగా 1876 ఆగస్టు 2నే పాటిస్తున్నారు. పందొమ్మిదో ఏట బోయర్ యుద్ధానికి వెళ్లారని దాదాపు ప్రతి జీవితచరిత్రలోనూ కనిపిస్తుంది. ఆ యుద్ధం మొదలైంది 1899 అక్టోబరులో గనుక, పై రెండు సంవత్సరాల్లో దేనితోనూ ఆ వయసు పొసగదు. ఆయన సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్లారనీ, గాంధీతో పరిచయం అక్కడే మొదలైందనీ మాత్రం కథనాలన్నీ ఏకీభవిస్తాయి. తిరిగొచ్చాక కంబోడియా పత్తి మీద చేసిన కృషికి ‘పత్తి వెంకయ్య’ అనీ, జపనీస్ భాష నేర్చినందుకు ‘జపాన్ వెంకయ్య’ అనీ పేర్లు వచ్చాయి. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేశారు.

1916లో ఆయన జాతీయ జెండా గురించి ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం అచ్చు వేశారు. ఇతర దేశాల పతాకాలను వివరిస్తూ, భారతదేశానికి పనికొచ్చే నమూనాలు సుమారు ముప్పై అందులో ప్రతిపాదించారు. ఆ తర్వాత ప్రతి కాంగ్రెస్ మహాసభలోనూ ఈ విషయాన్ని లేవనెత్తుతూ వచ్చారు.

అఖిల భారత కాంగ్రెస్ కమిటీ 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, జూన్ నెలాఖరుకు ఊళ్లలో 20 లక్షల రాట్నాలు అన్న తీర్మానాలు ఆ సభవే. రాట్నం జెండా మీదికి ఎక్కిన సందర్భాన్ని ఈ తీర్మానాల పక్కన పెట్టి చూడాలి.

ఆ సభలో వెంకయ్య జెండాను సమర్పించారనీ, కమిటీ ఆమోదించిందనీ ప్రచారంలో ఉన్న కథనం. విజయవాడలోని విక్టోరియా మ్యూజియం, అంటే నేటి బాపు మ్యూజియంలోనే ఆయన దాన్ని గాంధీ చేతికి ఇచ్చారని స్థానికంగా చెప్పుకుంటారు. సంఘటన జరిగిన రెండు వారాలకు, 1921 ఏప్రిల్ 13 నాటి ‘యంగ్ ఇండియా’లో గాంధీ స్వయంగా రాసిన వ్యాసం చెప్పేది కొంత వేరు. మచిలీపట్నం జాతీయ కళాశాల వెంకయ్య పట్టుదలను మెచ్చుకుంటూనే, ఆయన పాత నమూనాలేవీ తనను కదిలించలేదని గాంధీ మొహమాటం లేకుండా రాశారు. రాట్నం పెట్టాలన్న సూచనను జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌కు ఆపాదించారు. బెజవాడలో ఎరుపు, ఆకుపచ్చల మీద రాట్నం ఉండేట్టు గీసిమ్మని వెంకయ్యను తానే అడిగానన్నారు. ఆయన మూడు గంటల్లో తెచ్చిచ్చారు. అప్పటికి కాస్త ఆలస్యమై కమిటీ ముందు పెట్టడం కుదరలేదు. అలా కుదరకపోవడమే మంచిదైందని కూడా గాంధీ రాశారు. ఎందుకంటే తర్వాత ఆలోచించగా, హిందువులకు ఎరుపు, ముస్లింలకు ఆకుపచ్చ ఉన్నప్పుడు మిగతా మతాలవారికీ చోటుండాలనిపించి తెలుపును చేర్చారు. మూడు రంగులకూ సమాన భాగం అన్నదీ అప్పుడే వచ్చింది. ఆ జెండాలో తెలుపు పైన, ఆకుపచ్చ నడుమ, ఎరుపు కింద ఉండేవి. రాట్నం మూడింటి మీదా పరుచుకుని ఉండేది.

తర్వాతి జ్ఞాపకాల కంటే ఈ సమకాలిక వ్యాసమే ఎక్కువ నమ్మదగింది. చిత్రణలో ఈరంకి వెంకటశాస్త్రి సాయపడ్డారని కొన్ని తెలుగు రచనలు చెబుతాయి. గాంధీ వ్యాసంలో ఆ పేరు లేదు గానీ, దానివల్ల సాయం చేయలేదని తేల్చడానికీ వీల్లేదు. వెంకయ్య 1963 జులై 4న మరణించారు. ఆయన పేర తపాలా శాఖ 2009లో స్టాంపు వెలువరించింది.

1921 జెండాకు కాంగ్రెస్ అధికారికంగా ముద్ర వేయలేదు. అయినా సభల్లో, ఊరేగింపుల్లో అదే వాడారు. 1923లో జబల్‌పూర్‌లో మొదలై నాగపూర్‌లో పెద్దదైన జెండా సత్యాగ్రహం దాన్ని దేశమంతటికీ పరిచయం చేసింది. జమ్నాలాల్ బజాజ్ అరెస్టయ్యాక సత్యాగ్రహాన్ని వల్లభభాయ్ పటేల్ నడిపించారు. 1930లో మచిలీపట్నం కోనేరు సెంటర్‌లో జెండా ఎగరవేయడానికి స్తంభం ఎక్కబోయిన తోట నరసయ్య నాయుడిని పోలీసులు స్పృహ తప్పేదాకా కొట్టారు.

1931 మార్పు

రంగులకు మతాలను జతచేయడంతో చిక్కు వచ్చింది. తమ రంగుకూ చోటివ్వాలని సిక్కులు కోరారు. కరాచీలో 1931 ఏప్రిల్‌లో కాంగ్రెస్ కార్యవర్గం ఏడుగురితో ఒక సంఘం వేసింది. పటేల్, నెహ్రూ, మౌలానా ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, ఎన్.ఎస్. హర్డీకర్ సభ్యులు, భోగరాజు పట్టాభి సీతారామయ్య సంచాలకుడు. వెంకయ్య పనిచేసిన మచిలీపట్నమే పట్టాభిదీ కావడం కాకతాళీయమే కావచ్చు. ఈ సంఘం మూడు రంగులనూ పక్కనపెట్టి, మొత్తం కాషాయంగా, పై మూల ఎర్రటి గోధుమ రంగు రాట్నంతో ఒక జెండా సిఫారసు చేసింది. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయిలో కూడిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ దాన్ని ఒప్పుకోలేదు. ఎరుపు స్థానంలో కాషాయం పైకి వచ్చింది, తెలుపు నడుమకు దిగింది, నీలిరంగు రాట్నం తెల్లపట్టీకి పరిమితమైంది. రంగులకు మతార్థం లేదని స్పష్టం చేస్తూ ధైర్యత్యాగాలు, సత్యశాంతులు, విశ్వాసం అనే అర్థాలు ఇచ్చారు. నేటి పతాకపు రంగుల వరుస ఈ తీర్మానంతో స్థిరపడింది. పాపులర్ కథనాల్లో దీనికి దొరికే చోటు, ఉండాల్సినదానికంటే తక్కువ.

1947

రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన 1947 జూన్‌లో ఏర్పడిన పతాక సంఘంలో ఆజాద్, సరోజినీ నాయుడు, రాజగోపాలాచారి, కె.ఎం. మున్షీ, అంబేడ్కర్ ఉన్నారు. కాంగ్రెస్ జెండానే కొద్ది మార్పులతో తీసుకోవాలన్నది వారి నిర్ణయం. ముఖ్యమైన మార్పు రాట్నం స్థానంలో చక్రం. జులై 22న తీర్మానం ప్రవేశపెడుతూ నెహ్రూ చెప్పిన కారణం ఆచరణకు సంబంధించింది: జెండా మీది గుర్తు రెండు వైపుల నుంచీ ఒకేలా కనబడాలి. రాట్నానికి ఒక పక్క చక్రం, ఇంకో పక్క కదురు ఉంటాయి కాబట్టి, జెండాను వెనక నుంచి చూస్తే అవి తారుమారవుతాయి. చక్రం ఒక్కదాన్నీ ఉంచితే ఆ ఇబ్బంది లేదు. ఆ రోజు సభలో ఆయన పట్టు ఖద్దరు జెండా ఒకటి, నూలు ఖద్దరు జెండా ఒకటి చూపించారు.

చక్రం నమూనా సారనాథ్ అశోక స్తంభ శీర్షంలోది. 1904-05 తవ్వకాల్లో బయటపడిన ఆ శీర్షంలో సింహాల కింది పీఠం చుట్టూ ఏనుగు, ఎద్దు, గుర్రం, సింహం బొమ్మల నడుమ నాలుగు చక్రాలున్నాయి. తీర్మానం ఆ చక్రం రాట్నానికే ప్రతీక అని చెబుతుంది. ఆకులు ఎన్నో చెప్పదు. 24 అన్నది శిల్పం నుంచి వచ్చిన లెక్క. రోజుకు 24 గంటలనీ, 24 ధర్మగుణాలనీ చెప్పే వివరణలు తర్వాతి జోడింపులు. రంగులకు కూడా తీర్మానంలో అర్థాలు లేవు. కాషాయానికి త్యాగం, తెలుపుకు వెలుగు, ఆకుపచ్చకు నేలతో అనుబంధం, చక్రానికి ధర్మం అన్నవి ఆ సభలో సర్వేపల్లి రాధాకృష్ణన్ చేసిన వ్యాఖ్యానం. రాట్నం తీసేయడం గాంధీకి నచ్చలేదు. రాట్నం లేని జెండాకు వందనం చేయనని ఆగస్టు మొదటివారంలో ఆయన అన్నారు.

చక్రాన్ని సూచించిందీ, తొలి ప్రతి తయారు చేయించిందీ ఐ.సి.ఎస్. అధికారి బద్రుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య సురయ్యా అని వారి కుటుంబ కథనం. కొందరు బ్రిటిష్ రచయితలు దాన్ని సమర్థించారు. వెంకయ్య అభిమానులు అంగీకరించరు. నిజానికి రెండు వాదాలూ ఒకదాన్నొకటి కొట్టేయనక్కర్లేదు: ఒకటి 1921 నమూనా గురించి, రెండోది 1947 సవరణ గురించి. తీర్మానంలో రూపకర్త పేరంటూ ఎవరిదీ లేదు.

ఆగస్టు 14 అర్ధరాత్రి భారత మహిళల పక్షాన హంసా మెహతా రాజ్యాంగ సభకు పతాకాన్ని అందజేశారు. ఎర్రకోట మీద నెహ్రూ తొలిసారి జెండా ఎగరవేసింది 15న కాదు, 16న. 15న చెన్నపట్నం సెయింట్ జార్జి కోటలో ఎగిరిందని చెప్పే పట్టు జెండా అక్కడి మ్యూజియంలో ఉంది. నిజాం రాజ్యంలో ఈ జెండాకు అనుమతి లేదు. అదే రోజు హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో జెండా ఎగరవేసిన స్వామి రామానందతీర్థ అరెస్టయ్యారు. సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరవేయడానికి గుమిగూడిన జనం మీద కాల్పులు జరిగాయి. మృతులు 22 మంది అని సాధారణంగా చెబుతారు.

కొలతలు, గుడ్డ

భారత ప్రమాణాల సంస్థ 1951లో వెలువరించిన మొట్టమొదటి ప్రమాణం, అంటే ఒకటో నంబరుది, జాతీయ పతాకానిదే. మెట్రిక్ కొలతలకు అనుగుణంగా 1964లోనూ, మళ్లీ 1968లోనూ దాన్ని సవరించారు. తొమ్మిది పరిమాణాలను నిర్దేశించారు. పెద్దది 6300×4200 మిల్లీమీటర్లు, చిన్నది 150×100. తెల్లపట్టీ వెడల్పుకు చక్రం వ్యాసం దాదాపు సమానంగా ఉండాలని తీర్మానం అంటుంది. ప్రమాణం ఆ ‘దాదాపు’ను లెక్కగా మార్చింది. 1800×1200 జెండాలో తెల్లపట్టీ 400 మిల్లీమీటర్లు, చక్రం 370. పెద్ద జెండాలో 1400కు 1295. రెండింటా వాటా 92.5 శాతమే. అంటే చక్రం ఎక్కడా పక్క రంగులకు తగలదు. చిన్న జెండాల్లో ఈ ఖాళీ దామాషాలో ఎక్కువ; 225×150 జెండాలో 50 మిల్లీమీటర్ల పట్టీకి చక్రం 40 మాత్రమే.

గుడ్డ చాలాకాలం చేత్తో వడికి, చేత్తో నేసిన ఖాదీయే. ధార్వాడ్ దగ్గరి గరగ గ్రామం ఈ నేతకు పేరు పొందింది. హుబ్బళ్లి బెంగేరిలోని ఖాదీ గ్రామోద్యోగ సంఘం ప్రమాణ ముద్రతో జెండాలు తయారుచేస్తోంది.

నియమాలు

పతాక అవమానం 1971 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం. ఏడాది పొడుగునా జెండా ఎగరవేసే వీలు సామాన్య పౌరులకు 2002 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన పతాక నియమావళితోనే దక్కింది. దాని వెనక ఉన్నది పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ వేసిన దావా. 1995లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. గౌరవంతో జెండా ఎగరవేయడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని 2004 జనవరిలో సుప్రీంకోర్టు నిర్ధారించింది. ఆ హక్కుకు పరిమితులున్నాయని కూడా చెప్పింది. 2021 డిసెంబరులో పాలియెస్టర్‌నూ, యంత్రాల మీద నేసిన గుడ్డనూ అనుమతించారు. ఖాదీ సంస్థలు దీన్ని వ్యతిరేకించాయి. సూర్యాస్తమయానికి జెండా దించాలన్న పాత నియమం పౌరుల విషయంలో 2022 జులైలో సడలింది. ఆరుబయటైనా, ఇంటి మీదైనా ఇప్పుడు రాత్రింబవళ్లు ఉంచవచ్చు.