పెట్రోలులో మునిగియుండు రబ్బరు గొట్టము

1823లో స్కాట్లండు దేశీయుడగు చార్లెస్ మాకింటాష్ బొగ్గు తారునుండి లభించు నాఫ్తాలో రబ్బరును కరగించి, దానిని రెండు వస్త్రముల నడుమ పూసి, వాన నీరు చొరని బట్టను తయారుచేసెను. నాఫ్తా, పెట్రోలు రెండును హైడ్రోకార్బనుల మిశ్రమములే. ఆనాడు వానకోటుల పరిశ్రమకు ఉపకరించిన గుణమే తరువాత మోటారుబండ్లకు చిక్కు తెచ్చిపెట్టెను.

సహజ రబ్బరు అణువు కర్బనము, ఉదజని మాత్రమే గల పొడవైన గొలుసు. ఒకే జాతికి చెందిన పదార్థములు సులభముగ కలిసిపోవును. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో వేడిచేసి గట్టిపరచు విధము కనుగొనెను. గంధకము గొలుసులను ముడివేయుటచే రబ్బరు కరగదు. కాని పెట్రోలును పీల్చి ఉబ్బి, బలము కోల్పోవును.

ఇందుకు విరుగుడు ప్రయోగశాలలలో దొరకెను. 1930లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ బృందము క్లోరిన్ గల నియోప్రీన్‌ను సృష్టించెను. ఆ దశకముననే జర్మనీలో నైట్రైల్ రబ్బరు వెలువడెను. నైట్రైల్ సమూహములలో విద్యుదావేశము సమముగ పంపిణీ కాదు. కావున ఈ రబ్బరుకు పెట్రోలుతో పొత్తు తక్కువ. లోపల నైట్రైల్ పొర, నడుమ నూలు అల్లిక, పైన ఎండకు, ఓజోనుకు ఓర్చు తొడుగు గల గొట్టములు వాడుకలోనికి వచ్చెను.

కార్బురేటరు గల కార్లలో పంపు సాధారణముగ ట్యాంకు వెలుపల ఉండెడిది. 1980ల నుండి ఇంధనమును పీడనముతో చిమ్ము ఇంజనులు వ్యాపించగా, విద్యుత్ పంపు ట్యాంకులోనికి చేరెను. చుట్టునున్న పెట్రోలు పంపును చల్లబరచును; గొట్టములలో ఆవిరి బుడగలు ఏర్పడుటయు తగ్గును. కాని పంపును ట్యాంకు మూతకు కలుపు చిన్న గొట్టమునకు లోపలను, వెలుపలను పెట్రోలే. వెలుపలి తొడుగు ఉబ్బి పగిలినచో, లేక క్లిప్పునుండి గొట్టము జారినచో, పంపు తిరుగుచునే యుండును. పెట్రోలు మాత్రము తిరిగి ట్యాంకులోనే పడును. ఇంజను నడిరోడ్డుపై ఆగిపోవును.

1957లో డ్యూపాంట్ వారు విడుదలచేసిన వైటాన్ అను ఫ్లోరిన్ రబ్బరు మరింత ఓర్పు గలది. అయినను లోపలి పొర మేలైనంత మాత్రమున చాలదు. అమెరికాలోని ఎస్.ఏ.ఇ. సంస్థ వారి జె30 ప్రమాణములో ఆర్9 రకము అధిక పీడనమునకు తగినది. దాని పైతొడుగు మునిగియుండుటకు ఉద్దేశింపబడినది కాదు. ట్యాంకులో వాడుటకు ఆర్10 అను రకము వేరుగ నిర్ణయింపబడినది.

మన దేశమున 2023లో 20 శాతము ఇథనాల్ కలిపిన పెట్రోలు విక్రయము ఆరంభమైనది. ఈ మిశ్రమము నైట్రైల్ రబ్బరును శుద్ధ పెట్రోలు కంటె అధికముగ ఉబ్బించును. కావున గొట్టము కొనువారు దానిపై ముద్రించిన రకమును చదివి, అది పెట్రోలులో మునిగియుండుటకు తగినదా, ఇథనాల్‌కు ఓర్చునా అని విచారించుట అవసరము.